పుట అడుగున ఒక గమనిక: ‘హబనేరా’ బాణీ వెనుక ఇరాదియేర్

(సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను ప్రస్తావించబోయే బాణీ పేరు మీలో కొందరికి తెలియకపోవచ్చు గాని, బాణీ తెలియనివారు ఈ గదిలో ఉంటారని నేను అనుకోను. వ్యాపార ప్రకటనల్లో, పిల్లల కార్టూన్లలో, సెల్‌ఫోన్ మోతల్లో ఎక్కడో ఒకచోట అది మన చెవిన పడే ఉంటుంది. ముందుగా హార్మోనియం మీద నాలుగు వరుసలు వాయిస్తాను. (వాయించారు.)

మీ తలలు ఆడిన తీరు చూస్తే నా అనుమానం నిజమేననిపిస్తోంది. ఇది ‘కార్మెన్’ అనే ఫ్రెంచి ఒపెరాలోని, అంటే సంగీత నాటకంలోని, ‘హబనేరా’ పాట. ఆ ఒపెరాను కూర్చినవాడు జోర్జ్ బిజే అనే ఫ్రెంచి స్వరకర్త. పారిస్‌లోని ఒపెరా కామిక్ రంగశాలలో 1875 మార్చి 3న దాని తొలి ప్రదర్శన జరిగింది. స్పెయిన్‌లోని సెవీల్ నగరంలో పొగాకు కార్ఖానా ముందు, మధ్యాహ్నం గంట కొట్టాక చుట్టలు చుట్టే ఆడవాళ్ళు బయటికి వచ్చే వేళ, కార్మెన్ అనే జిప్సీ యువతి రంగం మీదికి వచ్చి, తన చుట్టూ మూగిన మగవాళ్ళను ఉద్దేశించి పాడే పాట ఇది. ప్రేమ ఎవరికీ మచ్చిక కాని పిట్ట వంటిదని దాని మొదటి మాట.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. విద్యార్థిగా ఉన్నప్పుడు ఏదో పుస్తకంలో ఇది ‘స్పెయిన్ దేశపు జానపద గీతం’ అని చదివాను. ఆ మాటను ఎక్కడా తరచి చూడకుండా, నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన తరువాత కూడా చాలా ఏళ్ళ పాటు పిల్లలకు అలాగే చెబుతూ వచ్చాను. ఒకనాడు ఆ ఒపెరా గాత్రభాగపు ముద్రిత ప్రతిని తిరగవేస్తుంటే, ఈ పాట మొదలయ్యే పుట అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఒక గమనిక కనిపించింది. ఇది ఒక స్పానిష్ పాటకు అనుకరణ అనీ, ఆ పాట ‘లె మెనెస్త్రెల్’ ప్రచురణకర్తల సొత్తు అనీ అందులో ఉంది. జానపద గీతానికి సొత్తుదారు ఎక్కడినుంచి వచ్చాడు అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. ఈ ప్రసంగం ఆ ప్రశ్న వెంట నేను వెళ్ళిన దారి.

ఆ సొత్తు వెనుక ఉన్న మనిషి పేరు సెబాస్టియన్ ఇరాదియేర్. ఉత్తర స్పెయిన్‌లోని ఆలవా ప్రాంతంలో, ద్రాక్షతోటల నడుమ ఉన్న లాన్సియేగో అనే చిన్న ఊళ్ళో 1809 జనవరి 20న పుట్టాడు. బాస్కు ప్రాంతపు మనిషి, అంటే తమకంటూ సొంత భాష ఉన్న జనంలో పుట్టినవాడు. యువకుడిగా సాల్వాతియెర్రా ఊరి చర్చిలో ఆర్గన్ వాయించే కొలువు చేశాడు. 1833లో సెలవు మీద మాడ్రిడ్ వెళ్ళాడు. అలా సెలవు మీద రాజధానికి వెళ్ళిన ఊరి సంగీతకారులు తిరిగి రావడం ఏ దేశంలోనైనా అరుదే. ఇతడూ మాడ్రిడ్‌లోనే స్థిరపడి, అక్కడి సంగీత విద్యాలయంలో స్వరజ్ఞానం బోధించే ఉపాధ్యాయుడయ్యాడు, పెద్దింటి ఆడపిల్లలకు పాట నేర్పే గురువుగా పేరు తెచ్చుకున్నాడు, పియానో పక్కన నిలబడి పాడుకోవడానికి వీలయ్యే చిన్న చిన్న స్పానిష్ పాటలను లెక్కకు మిక్కిలిగా రాసి అచ్చువేయించాడు. 1850 ప్రాంతంలో పారిస్ చేరాడు. అక్కడి ప్రచురణకర్తలు అతని ఇంటిపేరులోని మొదటి ‘ఐ’ (I) అక్షరాన్ని ‘వై’ (Y)గా మార్చారు. విదేశీ వాసన ఉంటే సరుకు బాగా పోతుందని వాళ్ళ లెక్క కాబోలు. దాని ఫలితంగా ఈనాటికీ గ్రంథాలయాల పట్టికల్లో ఇతన్ని రెండు చోట్ల వెతకవలసి వస్తుంది. ఇదీ ఒక మనిషి మరుగున పడే పద్ధతుల్లో ఒకటి.

మధ్యలో ఇతడు క్యూబా వెళ్ళాడు. హవానా నగరంలో విన్న నాట్యగతి ఇతని చెవిలో నాటుకుపోయింది. ఆ గతి మీద కట్టిన పాటల్లో రెండు ప్రపంచమంతా తిరిగాయి. మొదటిది ‘లా పలోమా’, అంటే పావురం. రెండవది ‘ఎల్ అరెగ్లితో’, అంటే చిన్న ఒప్పందం అనుకోవచ్చు; ఒక పిల్లవాడూ ఒక పిల్లా పెళ్ళిమాట మీద సరసమాడుకునే పాట. పారిస్ అచ్చులో దీనికి పెళ్ళి ప్రమాణం అనే ఉపశీర్షిక కూడా పెట్టారు. ఇతని స్పానిష్ పాటలను పారిస్‌లోని హ్యూగెల్ సంస్థ 1864లో ‘స్పెయిన్ పువ్వులు’ అనే అర్థం వచ్చే పేరుతో సంపుటిగా వేసింది. ‘ఎల్ అరెగ్లితో’ ఆ రోజుల్లోనే ఆ సంస్థ అచ్చులోనే వెలువడింది. ‘లె మెనెస్త్రెల్’ అన్నది హ్యూగెల్ వారు నడిపిన సంగీత వారపత్రిక పేరు. గమనికలోని ప్రచురణకర్తలంటే వీళ్ళే. 1865 డిసెంబర్ 6న ఇరాదియేర్ తన సొంత ప్రాంతంలోని వితోరియా నగరంలో కన్నుమూశాడు. అంటే కార్మెన్ రంగం మీదికి వచ్చి ఆ పాట పాడే నాటికి, దాని బాణీ కట్టినవాడు పోయి తొమ్మిదేళ్ళు దాటింది.

ఇప్పుడు బాణీ లోపలికి వెళ్దాం. ఇక్కడ కాస్త నిదానిస్తాను, ఎందుకంటే ఇది జానపదమా కాదా అన్న ప్రశ్నకు సగం జవాబు స్వరాల్లోనే ఉంది.

బిజే పాట మన లెక్కలో రెండు శ్రుతిలో, అంటే పాశ్చాత్యుల ‘డి’ స్వరం షడ్జంగా, ఉంటుంది. పై షడ్జంతో మొదలవుతుంది. అక్కడి నుంచి కిందికి ఎలా దిగుతుందో చూడండి. (ఒక్కొక్క మెట్టు నొక్కి చూపించారు.) తారస్థాయి షడ్జం, దాని పక్కనే కాకలి నిషాదం, దాని పక్కనే కైశికి నిషాదం, ఆ తరువాత చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం, పంచమం. పంచమం దాటాక ప్రతి మధ్యమం, దాని వెంటనే శుద్ధ మధ్యమం, అక్కడి నుంచి సాధారణ గాంధారం. హార్మోనియం మీద తెల్లమెట్టు, నల్లమెట్టు అన్న తేడా లేకుండా వరసగా దాదాపు పక్కపక్క మెట్లన్నీ తడుముతూ దిగివస్తున్నాం. గమకం పలకదన్న కారణంతో 1940లో ఆకాశవాణి బహిష్కరించిన ఈ పెట్టె, ఇలాంటి బాణీకి మాత్రం బాగా పనికివస్తుంది.

మన సంగీతం నేర్చుకున్న చెవికి ఇది వింతగా ఉండాలి. రెండు నిషాదాలు, రెండు ధైవతాలు, రెండు మధ్యమాలు ఒకదాని వెంట ఒకటి అవరోహణలో వస్తే దాన్ని ఏ మేళంలో, అంటే రాగాలకు మూలమైన ఏ స్వరవరుసలో, పెడతాం? డెబ్బై రెండింటిలో దేనిలోనూ పట్టదు. వింతేమిటంటే, ఇంత లెక్క తప్పిన దిగుడు పాడడానికి ఏమాత్రం కష్టంగా ఉండదు. మెట్లు మరీ దగ్గర దగ్గరగా ఉండడంతో గొంతు జారుడుబల్ల మీద జారినట్టు జారిపోతుంది. ఆ జారుడులోనే కార్మెన్ స్వభావం మొత్తం ఉందని ఒపెరా విమర్శకులు పుటలకు పుటలు రాశారు. ఆ మెచ్చుకోలు అంతా బిజేకే చెందింది. కాని ఆ జారుడు బిజేది కాదు. ‘ఎల్ అరెగ్లితో’ అచ్చు ప్రతి తెరిస్తే ఆ దిగుడు అక్కడే ఉంది.

అయితే ఊళ్ళో పొలం గట్టు మీద, తిరగలి దగ్గర పుట్టిన పాటలో ఇలాంటి వరస సాధారణంగా ఉండదు. మన పల్లెపాటల్లో నాలుగైదు స్వరాలతోనే పని జరిగిపోతుంది. స్పెయిన్ పల్లెపాటల్లోనూ ఇలా పక్కపక్క మెట్లన్నీ వరసగా తొక్కుతూ దిగే అలవాటు లేదు. ఇది పియానో ముందు కూర్చున్నవాడి చేతివేళ్ళకు తట్టిన వరస, చదువుకున్న చెవికి తోచిన చమత్కారం. సంగీత విద్యాలయంలో స్వరపాఠం చెప్పిన మాస్టారి ముద్ర దాని మీద స్పష్టంగా ఉందని నా అభిప్రాయం. అలాంటిదాన్ని బిజే కూడా జానపదమనే అనుకున్నాడంటారు. అతడు ఎలా అనుకున్నాడో, ఆ తరువాతివాళ్ళం మనమంతా ఎలా నమ్మామో ఆలోచించవలసిన విషయమే.

ఇక తాళగతి. ఎనిమిది మాత్రలు అనుకోండి. ఒకటో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద, ఐదో మాత్ర మీద, ఏడో మాత్ర మీద దెబ్బలు పడతాయి. అంటే మూడు, ఒకటి, రెండు, రెండు అన్న విభజన. మీ పక్కన కుర్చీ మీద కొట్టి చూడండి. (సభలో కొందరు కొట్టారు.) ఐదో మాత్ర మీది దెబ్బ తీసేస్తే మిగిలేది మూడు, మూడు, రెండు. తకిట తకిట తక. ఇది మన డప్పు కళాకారులకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ తకిట తకిట తక మీద, నేల మీద అడుగు పడినట్టు నడుమన ఒక గట్టి దెబ్బ వేస్తే అదే హబనేరా గతి.

ఈ గతి ఎక్కడిది? ఇంగ్లండులో పల్లెటూరి నాట్యంగా మొదలైన ఒక వరుస నాట్యం ఫ్రాన్సు చేరి రాజాస్థానాల నాట్యమైంది. ఫ్రెంచివారితో పాటు సముద్రం దాటి కరేబియన్‌లోని సేన్ దొమింగ్ అనే ఫ్రెంచి వలస ప్రాంతం చేరింది. అది నేటి హైతీ. 1791లో అక్కడి బానిసలు తిరుగుబాటు చేశాక, పారిపోయిన తోటల యజమానులతోపాటు వాళ్ళ ఇళ్ళలో పనిచేసే ఆఫ్రికా సంతతివారూ తూర్పు క్యూబా చేరారు. క్యూబాలో నాట్యసభలకు వాయించే మేళాల్లో ఎక్కువమంది నల్లజాతివారు, మిశ్రమజాతివారు. వాళ్ళ చేతుల్లో ఆ ఐరోపా నాట్యపు నడక విరిగి, పైన చెప్పిన తకిట తకిట తక వచ్చి చేరింది. ఇలా తయారైన క్యూబా నాట్యసంగీతంలో మనకు అచ్చులో దొరికే అతి పాతది 1803 నాటి ‘సాన్ పాస్కువాల్ బైలోన్’. దాన్ని కట్టినవాడి పేరు మాత్రం దాని మీద లేదు. హవానా నుంచి వచ్చిన నాట్యం అనే అర్థంలో బయటి దేశాలవాళ్ళు దాన్ని హబనేరా అన్నారు.

కనుక ఇరాదియేర్‌కు అన్యాయం జరిగిందని చెప్పేటప్పుడు ఒక మాట మరువకూడదు. అతడు కూడా ఖాళీ చేతులతో హవానా వెళ్ళి నిండు చేతులతో తిరిగి వచ్చినవాడే. ఏ మేళం ముందు నిలబడి ఆ గతి విన్నాడో, ఏ వాద్యకారుడి చేయి చూసి నేర్చుకున్నాడో అతడు ఎక్కడా రాయలేదు. అతని పేరునైనా నేను ఈ వేదిక మీద చెప్పగలుగుతున్నాను. ఆ మేళగాళ్ళ పేర్లు చెప్పడానికి నాకు ఆధారమే లేదు.

ఇప్పుడు కథలో నాకు అత్యంత ఆసక్తి కలిగించే మలుపు. 1830లో ప్రోస్పెర్ మెరిమే అనే ఫ్రెంచి రచయిత స్పెయిన్ యాత్ర చేస్తూ, మోంతిహో ప్రభుకుటుంబంతో స్నేహం సంపాదించాడు. ఆ ఇంటి ఇల్లాలు అతనికి ఒక కథ చెప్పింది: స్పెయిన్‌లోని మాలగా ప్రాంతపు మొనగాడు ఒకడు తన ప్రియురాలిని చంపిన కథ. పదిహేనేళ్ళ తరువాత, 1845లో, మెరిమే ఆ కథను తన పద్ధతిలో మలిచి ‘కార్మెన్’ అనే చిన్న నవలగా రాశాడు. బిజే ఒపెరాకు ఆధారం అదే. కథ మీ నుంచి విన్నదేనని ఆమెకు ఉత్తరం కూడా రాశాడు. ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలుండేవారు. వారిలో యూజెనీ అనే అమ్మాయి 1853లో మూడవ నెపోలియన్‌ను పెళ్ళాడి ఫ్రాన్సు మహారాణి అయింది. ఆమెకు సంగీతం నేర్పిన గురువు ఎవరనుకున్నారు? ఇరాదియేర్.

అంటే ‘కార్మెన్’ కథకు మూలం తల్లి, ‘కార్మెన్’ పాటకు మూలం కూతురి సంగీతం మాస్టారు. ఒకే ఇంటి గుమ్మం గుండా వచ్చిన రెండు వస్తువులు, ఒకరికొకరు తెలియకుండా వేరువేరు దారుల్లో తిరిగి, 1875లో ఒక రంగస్థలం మీద కలుసుకున్నాయి. కల్పన చేసే రచయిత ఎవరైనా ఇలా రాస్తే మనం నమ్మం. ఇంకొకటి చూడండి. మెరిమే కథలో కార్మెన్ వెనుక పడి చెడిపోయే సైనికుడు హోసే కూడా నవార్రా ప్రాంతపు బాస్కువాడే; కార్మెన్ మొదట అతని మనసు కరిగించడానికి వాడేది కూడా వచ్చీరాని బాస్కు భాషనే. ఆ ప్రాంతపు మనిషి కట్టిన బాణీ ఆమె గొంతులో పడడం కేవలం యాదృచ్ఛికమే గాని, ఆ సంగతి తెలిశాక ఆ సన్నివేశాన్ని మునుపటిలా వినలేం.

బిజే ఎన్నడూ స్పెయిన్‌లో అడుగు పెట్టలేదు. ఒపెరా కథ జరిగేది సుమారు 1820 నాటి సెవీల్‌లో. ఆనాటి సెవీల్ వీధిలో ఒక జిప్సీ పిల్ల హవానా నాట్యగతిలో పాట పాడడం చరిత్ర దృష్టితో కుదిరే మాట కాదు. కాని 1870ల నాటి పారిస్ శ్రోతకు స్పెయిన్ అన్నా, హవానా అన్నా ఒకటే ఎండ, ఒకటే విసనకర్ర. హబనేరా విన్నవాడికి స్పెయిన్ గుర్తుకు రావాలన్న అలవాటును పారిస్‌కు నేర్పినవాళ్ళలో ఇరాదియేర్ ముఖ్యుడు. ఆ తరువాత షాబ్రియే, దెబ్యుసీ, రవెల్ వంటి ఫ్రెంచి స్వరకర్తలంతా స్పెయిన్ బొమ్మ గీయవలసి వచ్చినప్పుడల్లా ఈ గతినే కుంచెగా వాడారు.

ఇక బిజే ఏం చేశాడన్నది న్యాయంగా చెప్పాలి. మొదటి కార్మెన్ పాత్రధారిణి సెలెస్తీన్ గల్లీ-మారియేకు, తాను రంగం మీదికి వచ్చేటప్పుడు పాడవలసిన పాటగా బిజే మొదట రాసిచ్చింది నచ్చలేదు. ఆమె కోసం అతడు ఎన్నిసార్లో తిరగరాశాడు. పదమూడు సార్లని ఒక ప్రతీతి. చివరికి కుదిరింది ఈ పాట. మాటల్లో చాలా భాగం కూడా అతడే రాసుకున్నాడు.

సంగీతంలో అతని చేతిపని ఎక్కడుందో చెబుతాను. కింద వయొలాంచెల్లోలు (మంద్రంగా పలికే పెద్ద వయొలిన్ వంటి వాద్యాలు) వాయించే వరసను ఎడమచేత్తో వాయిస్తున్నాను. (వాయించారు.) స, ప, గ, ప. ఇంతే. ఆ నాలుగు స్వరాలే, ఇందాక మీరు కుర్చీల మీద కొట్టిన మూడు, ఒకటి, రెండు, రెండు లెక్కలో, ఆరంభం నుంచి అదే పనిగా తిరుగుతుంటాయి. పైన పాట పక్కపక్క మెట్లు తడుముతూ ఎటు జారినా, కింద ఈ చక్రం తన కక్ష్య విడువదు. తరువాత ఆ గాంధారం మీద చెవి పెట్టండి. మొదటి భాగంలో అది సాధారణ గాంధారం. మన చెవికి కీరవాణి ఛాయ తగులుతుంది. ప్రేమ, ప్రేమ అంటూ పల్లవి అందుకునే చోట అదే చక్రంలో ఆ ఒక్క మెట్టు అంతర గాంధారానికి ఎక్కుతుంది. చీకటి గదిలో కిటికీ తెరిచినట్టు శంకరాభరణం పరుచుకుంటుంది. దాని మీద బృందగానం ప్రవేశించి ఆమె మాటలను అందుకుంటుంది. ఇరాదియేర్ పాటలో ఇద్దరు మనుషులు చనువుగా మాట్లాడుకుంటారు. బిజే పాటలో ఒక మనిషి ఒక ఊరిని ఆడిస్తుంది. డ్రాయింగు రూములో పియానో పక్కన పాడుకునే పాట రంగస్థలాన్ని శాసించే పాట కావడం బిజే ప్రతిభే. దాన్ని దొంగతనమనే మాట నేను వాడను.

కాని ఆ గమనిక సంగతి వేరు. ఇది జానపద బాణీ అనుకుని బిజే వాడుకున్నాడనీ, కాదని ఎవరో చెప్పాక ముద్రణలో గమనిక చేర్చాడనీ సంప్రదాయంగా చెబుతారు. నాకు ఈ వివరణ సగమే జీర్ణమవుతుంది. ‘ఎల్ అరెగ్లితో’ ఏ మారుమూల పల్లెలోనో దొరికిన పాట కాదు. పారిస్ నడిబొడ్డున, వివియెన్ వీధిలోని హ్యూగెల్ దుకాణంలో, కర్త పేరుతో సహా అచ్చై అమ్ముడుపోతున్న పాట. ఒపెరా కామిక్ రంగశాల నుంచి ఆ దుకాణానికి నడిచి వెళ్ళవచ్చు. ఎవరి ఇంట్లోనో, ఏ విందులోనో అచ్చు ప్రతి చూడకుండా పాడుతుంటే బిజే విన్నాడనీ, స్పానిష్ మాటలు కనుక ఊరి పాటే అనుకున్నాడనీ ఒప్పుకుందాం. అది అసాధ్యమేమీ కాదు. అయితే నిజం తెలిసిన తరువాత చేర్చిన గమనికలో ఏముంది? ‘ఒక స్పానిష్ పాట’ అని ఉంది, ప్రచురణకర్తల ప్రస్తావన ఉంది. పాట పేరు లేదు. కట్టినవాడి పేరు అసలే లేదు. కార్మెన్‌ను అచ్చువేసిన షూదాన్స్ సంస్థ హ్యూగెల్ సంస్థకు చెల్లించిన మర్యాద అది. ఒక అంగడి ఇంకొక అంగడికి పెట్టిన నమస్కారం. హక్కు ఎవరిదో రాయవలసిన అవసరం అప్పటికి వచ్చింది. బాణీ ఎవరిదో రాయవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

బిజేకు దీన్ని సరిదిద్దే అవకాశం కూడా దక్కలేదు. ఒపెరా తొలి ప్రదర్శనలకు ఆదరణ అంతంతమాత్రం. సరిగ్గా మూడు నెలలకు, 1875 జూన్ 3న, ముప్పై ఆరేళ్ళ వయసులో అతడు చనిపోయాడు. ఆ ఏడాది అక్టోబరులో వియన్నాలో ‘కార్మెన్’ విజయం సాధించి ప్రపంచయాత్ర మొదలుపెట్టే వేళకు, ఆ బాణీ సంగతి అడిగితే చెప్పగల ఇద్దరూ లేరు.

‘లా పలోమా’ కథ ఇంకో రకం. దాని మీద ఇరాదియేర్ పేరు ఎవరూ చెరిపివేయలేదు, కాని అది ఎన్ని దేశాల్లో ఊరి పాటగా చలామణీ అయిందంటే, పేరు దానంతట అదే రాలిపోయింది. మెక్సికోలో దాన్ని తమ పాట అనుకుంటారు. 1867 జూన్ 19న అక్కడ కేరెతారో నగరంలో తుపాకీ గుళ్ళకు బలైన చక్రవర్తి మాక్సిమిలియన్ ఆఖరి కోరికగా దాన్నే వినాలన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది, కథగానే వినాలి. జర్మనీలో అది హాంబర్గ్ నావికుల పాట. 1944లో తీసిన ఒక చిత్రంలో హాన్స్ ఆల్బెర్స్ పాడాక జర్మన్లకు అది తమ సముద్రం పాటే అయిపోయింది. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ జాజ్ వాద్యకారుడు జెల్లీ రోల్ మోర్టన్, 1938లో రికార్డు చేసిన తన జ్ఞాపకాల్లో, జాజ్‌లో స్పానిష్ ఛాయ ఎలా కలిసిందో చూపడానికి పియానో మీద వాయించి చూపినవాటిలో ఇదొకటి. ఎడమచేతిలో మళ్ళీ ఆ తకిట తకిట తకే. ఆఫ్రికా నుంచి కరేబియన్‌కు, అక్కడి నుంచి బాస్కు మాస్టారి ద్వారా ఐరోపాకు పోయిన గతి, నల్లజాతి సంగీతకారుడి చేతికి ఆ మాస్టారి పాట రూపంలో తిరిగి వచ్చింది.

ఇలాంటి ఉదాహరణలు పందొమ్మిదో శతాబ్దంలో ఇంకా ఉన్నాయి. రెండు మాత్రం చెప్పి ముందుకు వెళ్తాను. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ 1869లో ప్రచురించిన హంగరీ నాట్యాల్లో ఐదవది అందరికీ తెలుసు. దాని బాణీ బేలా కేలెర్ అనే సైనిక బ్యాండు నాయకుడు తన జన్మస్థలం బార్త్‌ఫా జ్ఞాపకంగా కట్టినది. బ్రామ్స్ అది జనం పాట అనుకున్నాడంటారు. అయినా ఆ నాట్యాలకు తన కృతుల వరుస సంఖ్య ఇవ్వకుండా, సొంత రచనలు కావని సూచించే పాటి నిజాయితీ చూపాడు. రష్యా పల్లెపాటగా లోకమంతా పాడుకునే ‘కలీంకా’ను 1860లో రాసినవాడు ఇవాన్ లరియోనోవ్. సరాతోవ్ నగరంలో ఒక నాటక ప్రదర్శన కోసం రాశాడు.

మన వైపు చూస్తే వ్యవహారం తిరగబడి కనిపిస్తుంది. మద్రాసు కోటలో ఇంగ్లీషు బ్యాండు వాయించే బాణీలు విని ముత్తుస్వామి దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కట్టాడు. ఇంగ్లీషులో స్వరానికి వాడే నోటు అన్న మాట నుంచి వాటికి నోటుస్వరాలన్న పేరు స్థిరపడింది. వాటిలో ‘సంతతం పాహి మాం’ అన్నది ఇంగ్లండు రాజగీతపు బాణీ. మన పిల్లలు శంకరాభరణంలో వాటిని పాడుతుంటే ఆ బాణీలు ఏ ఐరోపా బ్యాండువాడివో, ఏ ఐరిష్ ఊరివో మనం అడగం. సాహిత్యకర్త ముద్ర, అంటే పాటలో తన గుర్తుగా పెట్టే పేరు, ‘గురుగుహ’ అని ఉంటుంది గనుక అంతా ఆయనదే అనుకుంటాం. అక్కడ ఇరాదియేర్‌కు జరిగినదే ఇక్కడ ఎవరో పేరు తెలియని తెల్ల సిపాయికి జరిగింది. దీక్షితులు నోటు అనే మాటనైనా మిగిలిపోనిచ్చారు. అది మనకు పుట అడుగు గమనిక లాంటిదే.

మన సంప్రదాయంలో పదకర్తలు చివరి చరణంలో ముద్ర ఎందుకు పెట్టుకున్నారన్న ప్రశ్నకు భక్తి ఒక్కటే జవాబుగా చెబుతుంటాం. మువ్వగోపాలుడని క్షేత్రయ్య పాడడంలో భక్తి ఉంది, సందేహం లేదు. కాని పాట నోటి నుంచి నోటికి పోయేటప్పుడు పుస్తకం అట్ట వెంట రాదు, పుట అడుగు గమనిక అసలే రాదు. పాడేవాడు నాలుక మీద మోయగలిగింది మాత్రమే వస్తుంది. ఇరాదియేర్ అట్ట మీద పేరు వేయించుకున్నాడు. ఆ పేరును సైతం ప్రచురణకర్త ఒక అక్షరం మార్చాడు. బాణీలో మాత్రం తన ఆనవాలు ఏదీ పెట్టుకోలేదు. ఆ పక్కపక్క మెట్ల జారుడు తప్ప.

సమయం మించిపోతోంది. ఇక రెండు రికార్డులు వినిపిస్తాను. మొదట ‘ఎల్ అరెగ్లితో’, ఇద్దరు గాయకులు, ఒక పియానో. దానిలో దిగుడు ఎక్కడ మొదలవుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. ఆ తరువాత కార్మెన్ పాట. అందులో పల్లవి దగ్గర బృందం అందుకునే చోట, పైన పాడేవాళ్ళను కాసేపు విడిచిపెట్టి, కింద వయొలాంచెల్లోలలో గాంధారం మారే క్షణం పట్టుకోవడానికి ప్రయత్నించండి. మొదటిసారి దొరకకపోతే మళ్ళీ పెడతాను.